మరిది తెచ్చిన వెబ్‌క్యామ్

మేము చిలకలగూడలో ఉండేటప్పుడు ఇంట్లో కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. తెర నీలంగా మారిపోయేది. ఆ ఏడాదే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన మా అమ్మ పాడిన కీర్తనలు అందులోనే రికార్డు చేసి ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

చూడటానికి వచ్చిన మా మరిది కూర్చోకుండానే తేల్చేశాడు.

"వదినా, నువ్వే ఏదో నొక్కినవ్. డిస్క్ మొత్తం తుడిచెయ్యాలె."

"అమ్మ పాటలు పోతాయి కదయ్యా!"

"పోతే ఏందీ? పాటలే గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. అతణ్ణి పక్కకి జరగమని, కంప్యూటర్‌కి తగిలించినవాటిలో తెర, కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేశాను. అది నిక్షేపంగా నడిచింది. తర్వాత ఒక్కొక్కటే తగిలిస్తూ, కాసేపు ఆగి చూశాను. ప్రింటర్ పెట్టినా, స్పీకర్లు పెట్టినా ఏమీ కాలేదు. వెబ్‌క్యామ్ తగిలించగానే తెర నీలమైపోయింది. దాన్ని తెచ్చి బిగించింది మా మరిదే!

"అట్లనా? గది సస్తా మాల్ వదినా, చవకగ దొరికింది," అని నవ్వేశాడు. పొరపాటైందన్న మాటే లేదు.

ఆ వెబ్‌క్యామ్‌ని అతని చేతిలోనే పెట్టి పంపేశాను. అదే రోజు అమ్మ పాటలు సీడీలోకి ఎక్కించుకున్నాను. యంత్రం మొరాయిస్తే ముందు ఆడమనిషి వేళ్లనే అనుమానించే ఆ తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

– సువార్త, సికింద్రాబాద్