సౌండ్ కార్డు బిగించిన ఆదివారం

మా క్వార్టర్‌కు కంప్యూటర్ వచ్చిన కొత్తలో, చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగేవారు: "పాటలస్తయా?" రావు. టైపు వస్తుంది, బొమ్మలు వస్తాయి, పేకాట వస్తుంది, పాట మాత్రం రాదు. బోర్డులోనే ఉండే సౌండు మొదటి వానాకాలానికే చచ్చిపోయింది. బొగ్గు గనుల పక్కనున్న మా సెంటినరీ కాలనీలో బొగ్గు దుమ్ము దూరని చోటంటూ ఉందా? అమ్మ పూల గుడ్డతో కవరు కుట్టి కప్పినా, డబ్బా విప్పితే లోపల నల్లటి పొరే. దానికి తోడు పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు పెట్టినప్పుడల్లా కిటికీలతో సహా ఇల్లంతా అదిరేది.

బాపుకు ఆ కంప్యూటర్‌తో ఒక్కటే పని. క్రిస్మస్‌కు మా చర్చి వాళ్లు పాడి రికార్డు చేయించిన సీడీ వినాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బాపు చర్చి పాటల క్వయర్‌లో ముందు వరస మనిషి. ఆ యేడు పాస్టరు అయ్యగారు ఆయన్ను వెనక వరసకు పంపారు. "మేమందరం ఒక తొవ్వ, మీ బాపు ఒక తొవ్వ" అని, ఆయన రాగం దారి తప్పుతోందని క్వయర్ ఆడవాళ్లు నా ముందే నవ్వారు. బాపుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "సీడీల వింటె తెలుస్తది, తొవ్వ తప్పింది ఎవలో" అని పంతం పట్టాడు.

అమ్మకు ఈ పంతాలన్నీ నవ్వులాట. "నేను చెప్పుడు, ఆయన ఇనుడు! చెవిటోని ముందట శంఖమూదినట్టే" అని రోజుకోసారైనా విసుక్కునేది. పెళ్లాం మాట మొగుడికి వినపడకపోవడం మా కాలనీలో రోగం కాదు, ఆనవాయితీ. ఆ మాటను ఎవరమూ పట్టించుకోలేదు.

బాపు బాయిలో మైనింగ్ సర్దారు. మా దగ్గర భూమి లోపలి గనిని బాయి అంటారు. లోపల పని మొదలుపెట్టే ముందు, గ్యాంగును ఆపి సర్దారు ఒక్కడే ముందుకు పోవాలి. ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే కప్పు గట్టిది. పగిలిన కుండలా బొంగురుగా పలికితే లోపల పొర విడిచినట్టు, దాని కింద ఎవరూ నిలబడకూడదు. బాపు "పోండ్రి" అంటేనే మనుషులు కదిలేవారు. ఆ గ్యాంగులోనే మా మేనమామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, పనిచేసేవాడు.

నేను గోదావరిఖనిలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. కోర్సు సగం కూడా కాలేదు కానీ గర్వం మాత్రం పూర్తయింది. మెయిన్ రోడ్డు మీది దుకాణంలో విడిగా ఒక సౌండ్ కార్డు కొనుక్కొచ్చి, ఆదివారం చర్చి నుంచి రాగానే డబ్బా పక్క రేకు విప్పాను. రంగులేసే కుంచెతో దుమ్ము దులిపి, ఖాళీ గాడిలో కార్డు నొక్కి, స్క్రూ బిగించాను. బాపు కుర్చీ లాక్కొని పక్కనే కూర్చున్నాడు.

స్విచ్చి వేస్తే తెర మీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు. కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే గుర్తు పోయింది కానీ చప్పుడు లేదు. స్పీకర్ పిన్ను మైకు రంధ్రంలో పెట్టానేమోనని చూశాను, సరిగానే ఉంది. మ్యూట్ లేదు. బోర్డులోని చచ్చిన సౌండు ఇంకా పెత్తనం చేస్తోందేమోనని కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి పోయి దాన్ని ఆపేశాను. అయినా మౌనమే. నాకు ఒళ్లు మండింది.

"జర ఆగు బిడ్డా" అని బాపు ఎడమ అరచేతిని డబ్బా మీద వెడల్పుగా ఆనించి, కుడిచేతి వేళ్లతో టకటక కొట్టాడు.

"బాపూ, ఇది బాయి కాదు, కంప్యూటర్!" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను అన్నది ఆయనకు అందనే లేదని అప్పుడు నాకు తట్టలేదు.

మళ్లీ టార్చి వేసి చూస్తే దొంగ దొరికింది. నేను స్క్రూ బిగించిన బిగింపుకు కార్డు రెండో కొస గాడిలోంచి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. స్క్రూ వదులు చేసి, కార్డును సమంగా నొక్కి, స్విచ్చి వేశాను. స్పీకర్లలోంచి గణగణమని మోగింది.

"అమ్మయ్య, మోగింది పో!" అని అమ్మ వంటింట్లోంచి కేక వేసింది.

"ఇంకా రాలే కదా బిడ్డా?" అన్నాడు బాపు, స్పీకర్‌కు జానెడు దూరంలో కూర్చొని.

వేళాకోళం అనుకున్నాను. సీడీ పెట్టాను. పాట మొదలైంది. బాపు నా మొహం చూశాడు, నా పెదాలు పాటతో కదలడం చూశాడు. స్పీకర్ మీద అరచెయ్యి వేసి, "ఆ, వస్తున్నది, వస్తున్నది" అన్నాడు. ఆ స్పీకర్‌ను ఆయన చేతికింద నుంచి తీసి అల్మారా మీద పెట్టాను. వెనక్కి వచ్చి పాట ఆపేశాను.

బాపు కళ్లు మూసుకొని తొడ మీద తాళం వేస్తున్నాడు. గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన వేలు ఆగలేదు. గరిటెతో గుమ్మంలోకి వచ్చిన అమ్మ అది చూసి అక్కడే ఆగిపోయింది. నాకు భయమేసింది. అంతకుముందు ఎన్నడూ మా బాపును చూసి భయపడలేదు.

అమ్మే వెళ్లి కిటికీ మూసింది. పక్క క్వార్టర్‌కు గోడ ఒక్కటే అడ్డం. నేను ఆయన ఎదురుగా కూర్చొని అరిచి అడిగాను: "ఎప్పటి సంది బాపూ?"

ఆయన బుకాయించలేదు. "పెద్దగ మాట్లాడితె వినవడ్తది. సన్నగ వలికేదే వినవడ్తలేదు."

"మరి కప్పు?"

"చెయ్యి వెట్టి కొడ్త. గట్టిదా, డొల్లదా, చెయ్యికి తెలుస్తది."

"ఎత్తున్న కాడ చెయ్యి అందుతదా?"

ఆ ముందు వారమే బాపు చూసి సరేనన్న చోట పెచ్చు ఊడి పడింది. మామ భుజం గీరుకుపోయింది. "కప్పు గంతే, పొద్దున ఒక తీరు, మాపున ఒక తీరు" అని ఆరోజు అందరికీ సర్దిచెప్పింది బాపే. అమ్మకు ఇప్పుడు మామ మీద పడ్డ ఆ పెచ్చు కళ్లముందు కనబడిందనుకుంటాను. "నా తమ్ముడు..." అని అక్కడే గోడకు ఆనుకొని కూలబడింది.

"దవాఖానకు పోదాం. సర్దారు పని ఇచ్చెయ్యి" అని అరిచాను.

"ఇచ్చేసి? బాయి పైన, దిగేటోళ్లకు టోకెన్లు పంచే కిటికీ కాడ కూసోవాల్నా? నేను పో అంటె పోయిన మనుషులు, రేపు నన్ను చూసి సైగలు చేస్తరు. ఎవలికి చెప్పకు బిడ్డా. నీకు దండం వెడ్త." నిజంగానే రెండు చేతులు జోడించాడు. బాపు మీద నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. కప్పు కింద నిలబడే పదిమందీ ఆయన కళ్లకు కనబడటం లేదా?

సోమవారం ఆయనకు రెండో షిఫ్టు. మధ్యాహ్నం బాపు టోపీ, కర్ర తీసుకొని, మా మొహాలు చూడకుండా బయటికి నడిచాడు. అమ్మ నావైపు చూసింది. పొమ్మనలేదు, వద్దనలేదు. నేను చెప్పులేసుకొని బాయికి పోయే ఆటో ఎక్కాను.

సర్దారు బిడ్డనని గేటు దగ్గర నన్ను ఆపలేదు. హాజరు గదిలో గ్యాంగంతా ఉంది. బాపు నాకు వీపు చేసి, గోడ మీది డ్యూటీ బోర్డు చూస్తూ నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. బల్ల వెనక చిన్న మేనేజరు కూర్చొని ఉన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, గుమ్మంలోంచే అనేశాను:

"సార్, మా బాపును లోపటికి పంపకుండ్రి. ఆయనకు చెవులు వినవడ్తలేవు. కప్పు కొడితె ఆయనకు తెలుస్తలేదు."

మేనేజరు చేతిలో పెన్ను ఆగింది. గ్యాంగు మొత్తం నావైపు తిరిగింది. మామ నోరు తెరిచి నన్ను, తర్వాత బాపును చూశాడు. ఆ గదిలో తిరగనిది బాపు ఒక్కడే. బెల్టు బిగించుకోవడం పూర్తిచేసి, కర్ర అందుకొని, "పోదాం పాండ్రి" అంటూ వెనక్కి తిరిగాడు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు గుమ్మంలో నన్ను చూశాడు. మొహంలో కంగారు కనబడింది.

"నువ్వెందుకొచ్చినవు బిడ్డా?" అన్నాడు. "అమ్మ మంచిగనే ఉన్నదా?"