ఒకే చేతిరాతలో ఏడు పేర్లు

నేను వేలు పెట్టి చదువుతాను. తెలుగైనా అంతే, ఇంగ్లీషైనా అంతే. నలభయ్యో ఏట పలక పట్టినదాన్ని, అరవై మూడో ఏట ఏబీసీడీలు దిద్దినదాన్ని. కంటిని ఒక్కదాన్నే నమ్ముకుంటే వరస తప్పిపోతాను. మా మనవరాలికి ఇది చూస్తే నవ్వు. నవ్వితే నవ్వనీ. పోయిన జూన్‌లో, అమెరికాలో, ప్లెయిన్స్‌బరో ఊళ్ళో మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉండగా ఆ వేలే ఏడుగురు ఆడవాళ్ళను పట్టుకుంది.

మా లైబ్రరీలో వారానికి రెండు రోజులు, పొద్దున పూట, పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చదవడం నేర్పుతారు. నాతోపాటు ఒక చైనా తాత, ఇద్దరు గుజరాతీ తోడికోడళ్ళు, ఇంకా నలుగురైదుగురు వస్తారు. టీచరమ్మ నల్లజాతి మనిషి. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది, నాకంటే రెండేళ్ళు పెద్ద. తప్పు చదివితే ముద్దు చేయదు, "మళ్ళీ" అంటుంది. ఆమె నాకు నచ్చింది అందుకే.

మే నెలలో ఒక రోజు ఆమె కూరగాయల పేర్లూ డాక్టరు దగ్గర చెప్పే మాటలూ పక్కన పెట్టి, మా ముందు ఒక పాత కాగితం ఫొటో పరిచింది. సిరా గోధుమరంగుకు తిరిగింది, మడతల దగ్గర అక్షరాలు ఊడిపోయాయి. పైన నాలుగు పేరాల రాత, కింద వరసగా పేర్లు. అన్నీ ఆడవాళ్ళ పేర్లే.

అది అర్జీ అని చెప్పింది టీచరమ్మ. బానిసత్వం ఉన్న రోజుల్లో ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు రాసుకున్నది. దేశ రాజధానిలో మనుషుల్ని కొనడం, అమ్మడం ఆపమని దేశ చట్టసభకు పెట్టుకున్న అర్జీ. అప్పట్లో ఆడవాళ్ళకు ఓటు లేదు. అందుకని కాగితమూ సిరాబుడ్డీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేసేవాళ్ళట. కొందరు తలుపు మొహాన వేసేవాళ్ళట. బానిసలంటే ఎక్కడో దక్షిణాన పత్తి చేలల్లో అనుకుంటూ వచ్చాను నేను. కాదట, మా న్యూజెర్సీలోనే ఉన్నారట, ఉత్తరాది రాష్ట్రాలన్నిటిలోకీ చివరగా బానిసత్వాన్ని వదిలింది మా రాష్ట్రమేనట.

"ఇట్లాంటి అర్జీలు దేశం నలుమూలల నుంచి కట్టలు కట్టలుగా వెళ్ళాయి. ఎన్ని వెళ్ళాయంటే, ఇక మీద వీటిని చదవకుండా పక్కన పెట్టేద్దామని సభవాళ్ళు తీర్మానం చేసుకున్నారు. కొన్నేళ్ళు అట్లాగే పెట్టారు" అంది.

"చదవకుండానా?" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"చదవకుండానే."

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి ఆ ఫొటో చేతిలోకి తీసుకున్నాను. ఈ ప్రతి అసలు రాజధానికి వెళ్ళనే లేదట, ఎందుకో ఎవరికీ తెలియదట. పది మైళ్ళ దూరంలో ఒక చెక్క చర్చి ఉంది, దాని అటక మీద పెట్టెలో ఈమధ్యే దొరికింది. జూన్‌లో బానిసల విడుదల రోజును జరుపుకుంటారు కదా, ఆ శనివారం ఊరివాళ్ళంతా ఆ చర్చిలో నిలబడి, మనిషికో వాక్యం చొప్పున దాన్ని పైకి చదవాలని టీచరమ్మ ఏర్పాటు చేసింది. ఇన్నేళ్ళుగా ఎవరూ వినని కాగితం అది. మా క్లాసుకూ వాక్యాలు ఇచ్చింది. నా వాక్యంలో పదకొండు మాటలు. చివరి మాటకు నాలిక తిరగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కుక్కరు విజిళ్ళ మధ్య అదే, పార్కింగ్ లాట్‌లో నడుస్తూ అదే. మా అమ్మాయి ఆఫీస్ కాల్‌లో ఉంటే ఆమె వెనకాలా అదే. "అమ్మా, నా మేనేజర్‌కి కూడా వచ్చేసింది ఆ సెంటెన్స్" అంది ఒక రోజు.

పాత కాగితం చూసి కంప్యూటర్‌లో టైప్ చేసిన పని మా మనవరాలిది. కాలేజీ నుంచి సెలవులకు వచ్చి ఉంది. చరిత్ర చదువుతోంది. మూడు వారాలు ఆ ఫొటో పెద్దది చేసుకుని, గొలుసుకట్టు రాతను ఒక్కో అక్షరం విడదీసి టైప్ చేసింది. టీచరమ్మకు కంటి ఆపరేషన్ అయింది, అందుకని దీని మీదే వదిలేసింది. మంచి పని చేసింది, కాదనను.

గురువారం మధ్యాహ్నం నేను భోంచేసి, టైప్ చేసిన కాగితం ఒక పక్క, ఫొటో ఒక పక్క పెట్టుకుని కూర్చున్నాను. పేర్లు చదవడం నా వంతు కాదు, అవి టీచరమ్మ చదువుతుంది. ఊరికే చూద్దామని. ఎడమ చెయ్యి వేలు ఫొటో మీద, కుడి చెయ్యి వేలు టైప్ మీద. ఒక పేరు ఇక్కడ, అదే పేరు అక్కడ. ఇరవై ఆరు దాకా రెండు వేళ్ళూ కలిసి నడిచాయి. తర్వాత కుడి వేలు ముందుకు దూకింది. ఎడమ వేలు కింద ఏడు పేర్లు ఉన్నాయి, టైప్‌లో లేవు. మళ్ళీ మొదటి నుంచి వచ్చాను. ఫొటోలో నలభై ఒకటి. టైప్‌లో ముప్పై నాలుగు.

"ఏమే, ఇట్రా. ఏడుగుర్ని వదిలేసినావు" అన్నాను.

సోఫాలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "అవి కౌంట్ కావు అమ్మమ్మా."

"ఎందుకు కావు?"

లేచి వచ్చి ఫొటో మీద గోరు పెట్టి చూపించింది. "ఇక్కడ నుంచి ఇక్కడికి చూడు. అంతా సేమ్ హ్యాండ్‌రైటింగ్. ఒకే పర్సన్ రాసింది. నంబర్ పెద్దది చేయడానికి ఫేక్ నేమ్స్ పెట్టారు. అర్జీలకి ఎగెనెస్ట్ ఉన్నవాళ్ళు అప్పుడే చెప్పారు, ఇట్లా చేస్తున్నారని. నేను చదివాను."

"ఎగెనెస్ట్ వాళ్ళు చెప్తే నువ్వు నమ్మినావా?"

"అట్లా కాదు, అమ్మమ్మా. ఎవిడెన్స్ ఉంది కదా. నలభై ఒకటి అని చదివితే ఎవరైనా వచ్చి, ఏడు ఫేక్ అంటే? అప్పుడు మొత్తం ఫేక్ అంటారు."

దాని భయమూ తప్పు కాదు. కానీ నా ఒళ్ళు వేడెక్కిపోయింది. ఎందుకంటే ఈ మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను, తెలుగులో, నా మొహం మీదే.

మా ఊళ్ళో సారా దుకాణం ఎత్తేయాలని మేం ఆడవాళ్ళం ముప్పై ఇద్దరం అర్జీ పెట్టుకున్నాం. ఒక్కరికీ అక్షరం రాదు. ఊళ్ళో సాయంత్రం పూట బడి పెట్టారు కానీ, ముసలి వయసులో పలకేంటని నేనే అందర్నీ ఎగతాళి చేసి ఆపాను. పంతులు పేర్లన్నీ రాసిపెట్టాడు. ఒక్కొక్కరం పేరు పక్కన బొటనవేలు ఒత్తాం. బస్సెక్కి పట్నంలో ఆఫీసుకు తీసుకెళ్ళాం. గుమాస్తా పైనుంచి కిందికి ఒక్కసారి చూశాడు. "ఇదంతా ఒకే చేతిరాత. ఒకడు కూర్చుని రాసేశాడు. ఈ వేళ్ళు ఎవరివో ఏమో" అని బల్ల మీంచి తోసేశాడు. ఆ వేళ్ళవాళ్ళం ముప్పై ఇద్దరం అతని ఎదురుగా నిలబడే ఉన్నాం. మర్నాడు సాయంత్రం అందరికంటే ముందు బళ్ళో కూర్చున్నది నేను. తర్వాత మా సంతకాలతో ఇంకో అర్జీ పెట్టాం. దుకాణం మూతపడింది.

బానిసత్వం వేరు, సారా వేరు. రెండూ ఒకటని నేను అనను. రాయడం రాని మనిషి కాగితం మీదికి ఎట్లా వస్తుందో మాత్రం నాకు తెలుసు.

ఈ సంగతి మనవరాలికి చెప్పాను. అది ఇంతకు ముందు వినలేదు. ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి.

"అయితే వాళ్ళు మార్క్ పెట్టాలి కదా," అంది నెమ్మదిగా. "మామూలుగా పక్కన ఆమె గుర్తు అని రాస్తారు. ఇందులో లేదు."

"ఈ మచ్చలేంది మరి?" ప్రతి పేరు చివరా బూడిదరంగు మసక ఉంది.

"స్టెయిన్స్ అనుకున్నాను."

"ఏడు పేర్లకీ ఏడు మరకలు, పక్కన ఎక్కడా లేకుండానా? సిరాకి కూడా ఇంత పద్ధతి ఉంటుందా?"

మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి వచ్చింది. "అమ్మా, ప్రోగ్రాం ప్రింట్ అయిపోయింది. ఎల్లుండే ఫంక్షన్. అది మూడు వారాలు కష్టపడింది, ఇప్పుడు అందరి ముందూ..."

"నేనేమన్నా దాన్ని కొట్టానా? ఏడుగురున్నారంటున్నా. ఎల్లుండి వాళ్ళ పేర్లు చదవకపోతే ఇంకెప్పుడూ చదవరు. రేపు నన్ను ఆ చర్చికి తీసుకెళ్ళండి, అసలు కాగితం చూడాలి."

"రేపు నాకు మీటింగ్స్ ఉన్నాయి."

"నేను డ్రైవ్ చేస్తా," అంది మనవరాలు. మొహం ఎర్రగా ఉంది. ఓడిపోతున్నానన్న కోపమో, నిజం తెలుసుకోవాలన్న పట్టో, అప్పుడు నాకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున టీచరమ్మ చర్చి తలుపు తీసి, అద్దాల పెట్టెలోంచి కాగితాన్ని తెల్ల గుడ్డ మీదికి తీసింది. ముట్టుకోవద్దంది. నా వేలు గాలిలోనే నడిపించాను. టీచరమ్మ భూతద్దం పెట్టింది.

ఫొటోలో మరకలు అనుకున్నవి గీతలు. ఒకటి వంకర ఇంటూ గుర్తు. ఒకటి నిలువు గీత, కిందికి జారిపోయింది. ఒకటి సున్నా చుట్టబోయి మూయకుండా వదిలేసింది. నాలుగోది చూడగానే నేను నవ్వేశాను. కలం ఎంత గట్టిగా ఒత్తిందో, కాగితానికి చిల్లు పడింది.

"చూడవే," అన్నాను. "మొదటిసారి కలం పట్టిన చెయ్యి ఇది. నేనూ పలక మీద బలపం విరగ్గొట్టాను. ఒకడే కూర్చుని దొంగ గీతలు గీస్తే ఏడూ ఒకే తీరుగా వస్తాయి. చిల్లు ఎందుకు పొడుస్తాడు?"

మనవరాలు నా మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. టీచరమ్మ భూతద్దం కదపలేదు. "గీతలు ఏడు చేతులవి. సరే. కానీ పేర్లు రాసిన చెయ్యి ఎవరిది? అది తెలియకుండా రేపు నేను చదవలేను" అంది. తప్పును ముద్దు చేసే మనిషి కాదు, చెప్పాను కదా.

అప్పుడు మా పిల్ల టీచరమ్మ చేతిలోంచి భూతద్దం అందుకుంది. ఆ రాతలో ఒక అక్షరానికి తోక ఎడమ వైపు తిరుగుతుందట, మూడు వారాలు చూసిన కన్ను కదా, దానికి గుర్తు. పై నుంచి ఒక్కో సంతకం చూసుకుంటూ వచ్చింది. పన్నెండో సంతకం దగ్గర ఆగిపోయింది.

"అమ్మమ్మా. ఇదే తోక. ఇదే చెయ్యి. ఈమె తన పేరు తన చోట సైన్ చేసింది, తర్వాత వాళ్ళకి రాసిపెట్టింది." ఆ ఏడు పేర్ల వైపు చూపించింది. "ఫేక్ చేసేవాళ్ళు తమ సొంత పేరు ఎందుకు పెడతారు? ఈమె ఆ ఇళ్ళకి వెళ్ళింది. పేపర్ పట్టుకుని వెళ్ళింది."

టీచరమ్మ తను కూడా చూసింది. ఒకసారి పన్నెండో పేరు, ఒకసారి ఆ ఏడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రింటైన ప్రోగ్రాం కాగితాల కట్ట వైపు చూసి, "పెన్నులు తెండి" అంది. ముగ్గురం కూర్చుని ప్రతి కాగితంలో ఏడు పేర్లూ చేత్తో రాశాం. నా వంతు కాగితాల మీద అక్షరాలు ఏనుగు పిల్లల్లా వచ్చాయి. ఎవరికి అవి దొరికాయో వాళ్ళు అదృష్టవంతులు.

"ఆ పేర్లు రేపు నువ్వే చదువు," అంది టీచరమ్మ నాతో.

"నా వాక్యం?"

"వాక్యం ఎవరైనా చదువుతారు."

నెల రోజులు నూరిన పదకొండు మాటలు గుజరాతీ తోడికోడళ్ళలో చిన్నామెకు ఇచ్చేశాను. సాయంత్రం ఫోన్‌లో ఆమెకు చివరి మాట నేర్పడానికి గంట పట్టింది. నేను "మళ్ళీ" అనడం విని మా అమ్మాయి వంటింట్లో నవ్వింది.

శనివారం చర్చి నిండిపోయింది, గోడల వెంబడి కూడా నిలబడ్డారు. వాక్యం తర్వాత వాక్యం లేచింది. చైనా తాత తన వాక్యాన్ని పాటలా చదివాడు. చిన్న తోడికోడలు చివరి మాటను సరిగ్గా పలికి నా వైపు చూసింది. టీచరమ్మ ఇరవై ఆరు పేర్లు చదివి ఆగింది. నేను వెళ్ళి నిలబడ్డాను. కాగితం మీద వేలు పెట్టాను. ఏ ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా తీసేదాన్ని కాదు. మూడో పేరు దగ్గర నాలిక మడతపడింది. ముందు వరస నుంచి మా పిల్ల పెదవులు కదిపి చూపించింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, ఆమెను సగం పేరుతో వదలకూడదని. ఏడూ చదివాను. తర్వాత మిగిలిన ఎనిమిదీ టీచరమ్మ చదివింది. నలభై ఒకటి పూర్తయ్యేసరికి జనం లేచి నిలబడ్డారు. ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. కాగితం అక్కడే ఉంది, వెళ్ళి చదువుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి డ్రైవ్ చేస్తోంది. మనవరాలు నా పక్కన వెనక సీట్లో కూర్చుంది. కాసేపు కిటికీలోంచి చూసి అడిగింది.

"అమ్మమ్మా, మీ ఫస్ట్ అర్జీ ఎక్కడుంది ఇప్పుడు?"

"ఎక్కడుంటుంది? ఆ రోజే చెత్తబుట్టలోకి పోయుంటుంది."

"ముప్పై రెండు పేర్లు నీకు గుర్తున్నాయా?"

"గుర్తుండకేం? రోజూ చూసిన మొహాలు."

అది ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది. "అయితే చెప్పు. టైప్ చేస్తాను. స్లోగా చెప్పు, ఎవర్నీ మిస్ చేయను."

మా అమ్మాయి రేడియో ఆపేసింది. నేను కళ్ళు మూసుకుని, వీధి మొదట్లో ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టాను.