కదిలింది దామోదరం

చిత్తూరులో ఫోటో స్టూడియో నడిపే దామోదరం ఏ చంటిబిడ్డనూ ఒక్క క్లిక్కుతో వదిలిన పాపాన పోలేదు. మొదటి ఫోటో తీయగానే నెత్తి కొట్టుకునేవాడు.

“అయ్యో, బిడ్డ కదిలినాడప్పా! ఇంకోటి తీయాల!”

బిడ్డ గాఢనిద్రలో ఉన్నా కదిలినట్టే. ఒకసారి బిడ్డ చేతిలోని రబ్బరు చిలక కదిలిందన్నాడు. ఊరంతా ఆయన్ను ‘కదిలింది దామోదరం’ అనేది. పక్క కొట్లో గుండీలు, దారాలు అమ్ముకునే నేనూ అంతే.

1974లో మావాడికి ఆరో నెల వచ్చింది. ఫోటో తీయించి కార్వేటినగరంలోని మా పెదనాయనకు పంపాలని మా అమ్మ సుబ్బులమ్మ ముచ్చటపడింది.

“బిడ్డ ఒక్కడే పడాల. వంశం ఫోటోలో కోడలెందుకు?” అంది.

వాడింకా సొంతంగా కూర్చోలేడు. అందుకని నా భార్య మునిరత్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తలమీదుగా నల్లదుప్పటి కప్పి, వాణ్ణి ఒళ్లో పెట్టాం. వెనక తెరమీద చెరువు, హంసలు, నిండు చందమామ. పైకప్పు అద్దంలోంచి పాలలాంటి వెలుగు. మావాడు నల్లమబ్బు మీద తేలుతున్నట్టున్నాడు. ఇంతలో మబ్బు తుమ్మింది.

క్లిక్!

“కదిలినాడు!” అన్నాడు దామోదరం. “మీరు బయటికి పోండప్పా. ఇంతమందిని సూసి బెదురుతా ఉండాడు.”

గొణుక్కుంటూ అమ్మా నేనూ బయటికొచ్చాం.

మూడేళ్ల తర్వాత, పెట్టెలో ఏదో వెతుకుతుంటే ఒక ఫోటో దొరికింది. అందులో దుప్పటి లేదు. చందమామ కింద మునిరత్నమ్మ కొడుకును గుండెకు హత్తుకుని కలగంటున్నట్టు నవ్వుతోంది. వెనక దామోదరం చేతిరాత: ‘మునిరత్నమ్మ, ఆమె కొడుకు.’

“ఇదేంది?” అన్నాను.

“దుప్పటి కింద కూర్చున్న తల్లులందరికీ ఆయన ఇట్లా ఒకటి తీసిస్తాడు. ఇంట్లో సెప్పొద్దంటాడు. కదిలినాడనేది ఉత్తమాటే,” అంది తలొంచుకుని.

అమ్మ ఫోటో లాక్కుంది. ఇల్లు పీకి పందిరేస్తుందనుకున్నాను. చాలాసేపు దాన్నే చూసింది.

“నిన్నెత్తుకున్నప్పుడు నాకూ దుప్పటే కప్పినార్రా. ఆ ఫోటోలో నా వేళ్లు రెండు పడుండాయి, అంతే.”

మర్నాడు నన్ను చెయ్యిపట్టుకుని స్టూడియోకు లాక్కెళ్లింది. “నాయనా దామోదరం, నన్నూ నా బిడ్డనూ ఒక ఫోటో తియ్యి.”

దామోదరం నా మీసాలకేసి చూశాడు. “బిడ్డ ఒళ్లో పట్టడేమో గదమ్మా!”

“పక్కన కూర్చోబెట్టు.”

ఆయన కెమెరా సర్దేలోగా అమ్మ కొంగుముడి విప్పి, కాటుక భరిణె తీసి, ముప్పైరెండేళ్ల నా బుగ్గమీద ఇంత చుక్క పెట్టింది.

ఆ ఫోటో ఇప్పుడు మా కొట్లో వేలాడుతోంది. గుండీలకొచ్చిన వాళ్లు ఆ మచ్చేమిటని అడుగుతుంటారు. దిష్టిచుక్క అని చెప్పి, గుండీలు చూపిస్తాను.