నీరటి బిడ్డ రాసిన అల

శంషాబాద్ అవతల, విమానాలు నెత్తిమీదుగా దిగే ఊళ్ళో ముత్తయ్య నీరటి. చెరువు తూము ఎత్తి, కాలువ వెంట నడుస్తూ, ఎవరి మడికి ఎన్ని నీళ్ళో పంచడం ఆయన పని. ఆయన బిడ్డ సంతోషి పొద్దున కాలేజీలో లెక్కలు చెబుతుంది, మిగిలిన టైమంతా పీహెచ్‌డీ. దేనిమీద చేస్తున్నవమ్మా అని ఎవరైనా అడిగితే "అలల మీద" అంటుంది. అడిగినోళ్ళు సముద్రం ఎక్కడుందా అని అటూ ఇటూ చూస్తారు.

సముద్రం అక్కర్లేదు. లోతు లేని నీళ్ళల్లో అల ఎట్లా నడుస్తుందో చెప్పే సమీకరణాలున్నాయి. మహా మొండివి. పెద్ద అల చిన్నదానికంటే వడిగా ఉరుకుతుంది, రెండు జవాబుల్ని కూడితే మూడో జవాబు రాదు. కంప్యూటర్ దగ్గరి దగ్గరి అంకెలిస్తుంది కానీ సంతోషికి అవి ఆనవు. ఏ క్షణాన, ఎక్కడ, నీళ్ళు ఎంతెత్తు లేస్తాయో ఖుల్లంఖుల్లా చెప్పే ఒక్క సూత్రం కావాలి, అదీ పెన్నుతో రాసేది.

రెండేళ్ళు తిప్పలు పడి, పారే కాలువకు అలాంటి సూత్రం పట్టింది. పట్టింది సరే, దాన్ని తిరిగి సమీకరణంలో పెడితే అన్నీ కొట్టేసుకుపోయి సున్నా మిగలాలి కదా? మిగిలితేగా! ప్రతిసారీ చివర ఒక ముక్క కూర్చుని పళ్ళికిలిస్తుంది. గైడు హరిప్రసాద్ సారు తేల్చి చెప్పేశారు. "సోమవారంలోగా సున్నా రాకపోతే ఈ అధ్యాయం తీసేద్దామమ్మా." అది తీసేస్తే థీసిస్‌లో ఇక మిగిలేవి ముందుమాట, అట్టలు.

ఆదివారం పొద్దున ఇంట్లో కాలు నిలవక, కాగితాలు పట్టుకుని కాలువగట్టుకు వచ్చింది. ముత్తయ్య తూము కొంచెమే ఎత్తి, తీరిగ్గా బీడీ ముట్టించాడు.

"మొత్తం ఎత్తరాదా బాపూ! గింతగింత ఇడుస్తవేంది?"

"ఉత్త కాలువల ఒక్కపారే ఇడిస్తే నీళ్ళు ఆడాడ్నే ఇంకుతయి బిడ్డా. ముందుగాల సన్నగ పారనియ్యాలె. పారేదాని మీద పెద్ద నీళ్ళు ఇడిస్తే ఇగ సూడు, ఉరుకుడే."

పారేదాని మీద! సంతోషి గబగబా కాగితాలు వెనక్కి తిప్పింది. నాలుగో పేజీలో దొరికింది. "అలకు దూరాన నీళ్ళు నిశ్చలం, కాబట్టి స్థిరాంకం సున్నా." ప్రతి పుస్తకంలో ఉండే వాక్యమే, చేతి అలవాటుగా రాసేసింది. పారే కాలువకు! ఈ కాలువలో కాళ్ళు పెట్టి పెరిగిన పిల్ల, నీరటి బిడ్డ, నీళ్ళు కదలవని రాసింది! సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

ఆ సున్నా కొట్టేసి, పారుదల వేగం పెట్టి, మళ్ళీ మొదలెట్టింది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఆ మొండి ముక్క కూడా కొట్టేసుకుపోయింది. "సున్నా వచ్చింది బాపూ!" అని గట్టుమీద గెంతింది. ఫోటో తీసి పంపితే, సారు గంటసేపు సరిచూసి "అధ్యాయం ఉంటుంది" అని రాశారు.

"సున్నా వస్తే గంత కుషీ ఏంది? మాకు బళ్ళె సున్నా వస్తే తన్నేటోళ్ళు," అన్నాడు ముత్తయ్య. "సరే, గా పెద్ద నీళ్ళు చివరి మడికాడికి ఎంతసేపట్ల వస్తయో నీ లెక్క చెప్తదా?"

సంతోషి కట్టెతో కాలువ లోతు కొలిచి, చివరి మడిదాకా ఎంత దూరమో అడిగి లెక్కేసింది. "పదకొండు నిమిషాలు."

సాయంత్రం, కాలువ సన్నగా పారుతుండగా, తండ్రి ఫోన్ పట్టుకుని చివరి మడి దగ్గర నిలబడ్డాడు. తూము ఆమే ఎత్తింది. పది నిమిషాలు. పదకొండు. సంతోషి ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించింది. పన్నెండు.

"ఆఁ, వచ్చినయి బిడ్డా!"

"ఒక్క నిమిషం తప్పింది బాపూ," అంది నీరసంగా.

"నీ లెక్క ఎందుకు తప్పుతది?" ముత్తయ్య కస్సుమన్నాడు. "కాలువల గడ్డి నేనే కొయ్యలే. పొద్దుగాల కోస్త, మల్ల ఎత్తు. పదకొండే రావాలె."