ఆంటీ బిగించిన బోల్టు

నా చిన్నప్పుడు మేం ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఉండేవాళ్ళం. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. మా నాన్న ఉద్యోగం ఆ భయం మీదే నడిచేది. యూనివర్సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆయనకు ఇల్లే గుర్తుండేది కాదు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అందుకని బడి వదలగానే నేను పక్కింటికి వెళ్ళిపోయేదాన్ని. అక్కడ నెల్లూరు నుంచి వచ్చిన అంకుల్, ఆంటీ ఉండేవాళ్ళు. కన్నబిడ్డ కంటే ఎక్కువగా చూశారు నన్ను. ఆ ఇంటి సేమ్యా పాయసం రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

అయితే ఆ ఏడాది ఆ పాయసం అంకులే వండేవారు. ఆంటీకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడింది. కొంత కోలుకున్నారు కూడా. చేతికర్రతో నాలుగడుగులు వెయ్యగలరు, కానీ వెయ్యరు. ఇప్పుడు నడవకపోతే ఇక ఎప్పటికీ కుర్చీకే అంటుకుపోతారని డాక్టర్లు చెప్పినా, వంటింటి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పెరట్లోకి చూస్తూ ఉండేవారు. నేను హోంవర్క్ చేసుకుంటుంటే ఒక్క మాటా మాట్లాడేవారు కాదు. నాకు భయమేసేది.

ఆవిడను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాలని అంకుల్ పట్టుదల. వెనక తగిలించి లాక్కెళ్ళే పాత క్యాంపర్ ఒకటి కొన్నారు. మడత విప్పితే గుడారం, లోపల మంచం. లాగడానికి ఆయన యూట్ ఉంది. వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కును ఇక్కడ యూట్ అంటారు. ఆ తొట్టి గోడల మీంచి చక్రాల కుర్చీ, నీళ్ళ డబ్బా, పొయ్యి ఎత్తి దించడం కష్టమని, తొట్టి పీకేసి దాని చోట చదునైన ట్రే బిగించాలనుకున్నారు. ఆంటీ మాత్రం రానని ఖరాఖండిగా చెప్పేశారు. సామానుతో పాటు తననూ తాళ్ళతో కట్టి తీసుకెళ్తారా అని అడిగారట.

అయినా అంకుల్ ఒక ఆదివారం మా నాన్ననూ, వీధిలో ఇంకో ఇద్దరినీ పిలిచి తుప్పు పట్టిన తొట్టిని దించేశారు. అల్యూమినియం ట్రేని ఛాసిస్ మీద పెట్టించారు. మర్నాటి నుంచి ఆయన, నేను. డ్యూటీ నుంచి రాగానే సరిగ్గా కిటికీ ఎదురుగా బండి దగ్గర నిలబడి, ట్రేని అటూ ఇటూ జరుపుతూ చాక్‌పీసుతో గుర్తులు పెట్టేవారు. స్పానర్లు అందించడం నా పని.

రెండో రోజో మూడో రోజో ఆంటీ నన్ను పిలిచారు. ట్రే బాగా వెనక్కి పోయిందని మీ అంకుల్‌కి చెప్పు అన్నారు. వెళ్ళి చెప్పాను. ఆయన తల గోక్కుని, నాకర్థం కాలేదు, ఎంత వెనక్కో అడిగిరా అన్నారు. అడిగొచ్చాను. దాంతో ఆయన ట్రేని ఇంకాస్త వెనక్కి జరిపారు. వారమంతా ఇదే తంతు. ఆంటీ గొంతు రోజురోజుకీ పెరిగేది, అంకుల్ తెలివితక్కువతనమూ అలాగే పెరిగేది. మధ్యలో తిరిగి తిరిగి నా కాళ్ళు పీక్కుపోయాయి. పెద్దవాళ్ళింత మొద్దుగా ఉంటారా అని మనసులో తిట్టుకున్నాను కూడా.

శనివారం మధ్యాహ్నం ఆయన డ్రిల్లింగ్ మిషన్ చేతికి తీసుకున్నారు. తప్పు చోట కన్నం పడబోతోంది. అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. చేతికర్ర ఊతంగా, గోడ పట్టుకుని, మెట్టు దిగి ఆంటీ వస్తున్నారు. నేను పరిగెత్తబోతే అంకుల్ నా భుజం పట్టుకుని ఆపేశారు.

"ఏందండీ ఈ పని?" అన్నారు ఆంటీ, బండి దగ్గరకొచ్చి ఆయాసపడుతూ. "బరువంతా వెనక చక్రాలు దాటి పడితే ముందు చక్రాలు తేలిపోవా? స్టీరింగ్ మాట వింటదా? మలుపులో క్యాంపర్ మూల పోయి ట్రేకి కొట్టుకోదా?"

కుడిచేత్తో ట్రేని తట్టి, ఎక్కడిదాకా జరపాలో చూపించారు. అంకుల్ బుద్ధిగా జరిపారు. తర్వాత నాలుగు మూలలా బోల్టులు వేసి, మూడు బిగించి, నాలుగోదాని మీద స్పానర్ ఉంచి పక్కకు తప్పుకున్నారు. ఆంటీ ఆయన వంక కాసేపు చూశారు. ఎడమచెయ్యి కూడా ఎత్తి స్పానర్ మీద వేసి, బిస్మిల్లా అని తిప్పారు.

బయల్దేరే రోజు అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నన్నూ తీసుకెళ్ళారు. సముద్రం ఒడ్డున ఆంటీ ట్రే అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. అంకుల్ దూరంగా గుడారం తాళ్ళు కడుతున్నారు. పాపం అంకుల్‌కి బండి సంగతులు ఏమీ తెలియవు కదా అన్నాను నేను.

ఆంటీ నవ్వారు. ఆ ఏడాది ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు. నెల్లూరులో వాళ్ళ నాన్నకు లారీ షెడ్డు ఉండేదట. కుర్రతనంలో అంకుల్ లారీ బాడీలు కట్టడం నేర్చుకున్నది అక్కడేనట. ఆవిడను మొదట చూసిందీ అక్కడేనట. ఆయనకు తెలియని పనే లేదట.

"మరి మీరెందుకొచ్చారు చెప్పడానికి?"

"ఆయన పాపం అంత కష్టపడి తెలీనట్టు నటిస్తా ఉంటే, రాకపోతే ఏం బాగుంటదమ్మా?"

ఆ మాట నాకు బాగా అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. చెయ్యి అందించేవాళ్ళ మంచితనమే మనకు కనిపిస్తుంది. ఆ చెయ్యి అందుకోవడంలోనూ అంత మంచితనం ఉంటుందని నాకు చూపించింది ఆవిడే. వాళ్ళిద్దరికీ నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

ఇప్పుడు మా నాన్న రిటైరయ్యారు. అమ్మ పోయాక మనుషుల్లో కలవడం తగ్గించేశారు. నెలకోసారైనా ఫోన్ చేసి, ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది, ఒకసారి వచ్చి చూడు నాన్నా అంటాను. నేను చేసేదీ కంప్యూటర్ ఉద్యోగమే. ఆ సంగతి ఆయనకు తెలియదా? అయినా చొక్కా మార్చుకుని వస్తారు.