తిరగనన్న ఇసుర్రాయి

మొన్న మా మిక్సీ ఆగిపోయింది. బాగుచేసే మనిషి వచ్చేదాకా వంటిల్లు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు మా మేనత్త ఇసుర్రాయి గుర్తొచ్చింది.

జైనూర్ అవతల, ఎండిన గుట్ట మీద ఆమె ఊరు. బావులు అడుగంటాక నీళ్ళ కోసం దిగినవాళ్ళు దిగినట్టే కింద ఉండిపోయారు. రాయి బరువని మేనత్త ఇంట్లోనే వదిలి దిగింది. ఈమధ్య టూరిజం వాళ్ళు ఆ ఇళ్ళకు మట్టి మెత్తి, పెంకులు కప్పి, చూడవచ్చేవాళ్ళ కోసం ముస్తాబు చేశారు. పోయిన ఎండాకాలం మేనత్తను తీసుకుని వెళ్ళాను. తీసుకుని అనడం నా గొప్ప. ఆమే నన్ను ఎక్కించింది. ఆ గుట్ట నా ఆయాసం గుట్టంతా బయటపెట్టింది. ఆమె మాత్రం కొంగున జొన్నలు కట్టుకుని ముందు నడిచింది. తన ఇంట్లో, తన రాయి మీద, ఒక్కసారి గటక కాచుకోవడానికి జొన్నరవ్వ విసురుకోవాలని ఎన్నాళ్ళ నుంచో ఆమె కోరిక.

రాయి ఉన్నచోటే ఉంది. పైన 'ముట్టరాదు' అని బోర్డు. జొన్నలు పోసి పిడి పట్టి గుంజితే కదల్లేదు. ఎవరూ ఎత్తుకుపోకుండా రెండు రాళ్ళ మధ్యా సిమెంటు పెట్టేశారు.

"గిదేంది కొడుకా, దీని నోరు కుట్టేసిండ్రు?" అని కాపలా ఆయన్ను అడిగింది.

"జర ముట్టకు అవ్వా. గది పాతకాలం వస్తువు."

"నేను గూడ పాతకాలందాన్నే. నన్ను గూడ సిమెంటుల పెడ్తవా?"

"సార్లు చూస్తే నన్ను పరేషాన్ చేస్తరు!"

"రానియ్. వాళ్ళకు గూడ గటక పోస్త."

నా వైపు తిరిగి, "అల్లుడా, గా గడ్డపార తే" అంది. గడ్డపార కూడా ప్రదర్శనకు పెట్టిందే. నేను రూల్సు ఎత్తబోయాను. రోలుకూ రాయికీ రూల్సేమిటన్నట్టు చూసింది. తెచ్చిచ్చాను. పొడిచింది ఆమె, చెమట పట్టింది నాకు. సిమెంటు పెచ్చులుగా లేచింది. రాయి ఒకసారి మూలిగి, తిరిగింది. మొదటి పిడికెడు రవ్వ సిమెంటు వాసనేసిందని బయట పారబోసి, మళ్ళీ కూర్చుంది. గుమ్మంలో నిలబడి దారి చూస్తున్న కాపలా ఆయన, కాసేపటికి చీపురు తెచ్చి పెచ్చులు ఊడ్చాడు.

"మల్ల పెడితే మల్ల పీకుత, చెప్పు మీ సార్లకు" అంది మేనత్త, చేతి సంచీని ఆ బోర్డుకే తగిలిస్తూ.

కాలాన్ని కదలకుండా బిగించి చూపిద్దామనుకున్నారు వాళ్ళు. మా మేనత్త అందులో గుప్పెడు జొన్నలు పోసి తిప్పింది.