అమ్మనంటే అమ్మను

తోక్యో నగరం హరజుకులో బట్టలు కొనుక్కోవడం ఎవరికైనా తేలికే, తొమీ పెద్దమ్మ కొట్లో తప్ప. లోకంలో అందరూ సరుకు అమ్మడానికి కొట్టు పెడితే, ఆవిడ అమ్మకుండా ఉండడానికి పెట్టింది.

తకెషితా వీధిలో ఆదివారం జనం ఒకరి భుజం మీద ఒకరు నడుస్తుంటారు. ఆ వీధి పక్క సందులో, క్రీమూ స్ట్రాబెర్రీలూ చుట్టిన అట్లు అమ్మే ఒగివారా కొట్టు దాటి నాలుగు మెట్లు దిగితే కురమోచి తొమీ దుకాణం. లోపలంతా కుచ్చుల గౌన్లు, లేసు కాలర్లు, పెళ్ళి కేకుల్లాంటి టోపీలు. అన్నీ ఆవిడ స్వయంగా కుట్టినవే. వాటి మధ్యన ఆవిడ మాత్రం మగవాళ్ళ చెప్పులేసుకుని, అతుకులేసిన బూడిదరంగు స్వెటర్లో, కాపలా కుక్కలా కూర్చునేది. సిగరెట్లు కాల్చి కాల్చి గొంతు లారీ ఇంజనయిపోయింది.

"ఈ గౌను ఎంతండీ?" అని ఒంటరిగా వచ్చిన ఓ పిల్ల భయంభయంగా అడిగేది.

"ఇవాళ అమ్మను."

"ఎందుకండీ?"

"దానికి ఒంట్లో బాలేదు. ఆదివారం రా."

"పోనీ ఆ టోపీ?"

"నీ చెవులు ఈ వారం బాలేవు. ఆదివారానికి సర్దుకుంటాయి."

ఆ పిల్ల అద్దంలో చెవులు చూసుకుంటూ మెట్లెక్కిపోయేది.

కొట్లో పనిచేసే చినాత్సుకి ఇది చూసి ఒళ్ళు మండిపోయేది. "పెద్దమ్మా, డబ్బులు చేత్తో పట్టుకుని నిలబడితే చెవులు బాలేవంటావేంటి?"

"నిజంగానే బాలేవే. నువ్వు చూళ్ళేదూ?"

విచిత్రం ఏమిటంటే, నలుగురైదుగురు పిల్లలు గుంపుగా వచ్చి కిలకిలలాడుతూ అడిగితే మాత్రం పెద్దమ్మ మారుమాట లేకుండా కాగితంలో చుట్టి చేతిలో పెట్టేసేది. "పట్టుకెళ్ళండి, పట్టుకెళ్ళండి. చెవులు చిల్లులు పడుతున్నాయి" అని తరిమేసేది. గోల పడలేక అలా చేస్తోందని చినాత్సు అనుకునేది. ఎన్నాళ్ళు చూసినా అంతకు మించి తోచలేదు.

ఈ తంతువల్ల బాగుపడినవాడు ఒగివారా ఒక్కడే. తిట్లు తిన్న పిల్లలు మెట్లెక్కి తిన్నగా అతని దగ్గరికే వచ్చి, దిగులు తీరా క్రీము తినేవాళ్ళు. కొత్త సంవత్సరానికి అతను పెద్దమ్మకు బియ్యప్పిండి ముద్దల డబ్బా పట్టుకొచ్చి, నడుం వంచి దణ్ణం పెట్టేవాడు. "నీ నోరు చల్లగా ఉండాలి పెద్దమ్మా! ఈ ఏడు ఇంకాస్త గట్టిగా తిట్టు."

మరి కొట్టు ఎలా నడిచేదంటే, పెద్దమ్మ వెనకగదిలో చుట్టుపక్కల బడి పిల్లల యూనిఫారాలు బాగుచేసేది. నేలదాకా జీరాడే లేసులు ముందుగదిలో వేలాడుతుంటే, వాటి తిండి ఖర్చు చిరిగిన లాగులు భరించేవి.

ఒక చలికాలం మొదట్లో మినోరి అనే పిల్ల వచ్చింది. మొహానికి సగం మాస్కు, మిగతా సగం జుట్టు. చోషి రేవు నుంచి రైళ్ళు మారి వచ్చేది. ముదురు నీలం కోటు ఒకటి, మఖమలు కాలరుది, దాని ముందు నిలబడిపోయింది.

"కాలరు ఇంకా కుదరలేదు. ఆదివారం రా" అంది పెద్దమ్మ.

ఆదివారం వచ్చింది. మినోరి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.

"గుండీలు మార్చాలి. ఆదివారం రా. ఈలోగా ఇది తిను" అని పెద్దమ్మ ఉప్పులో ఊరేసిన పుల్లరేగు ముక్క పెట్టిన అన్నం ముద్ద చేతిలో పెట్టింది. మినోరి మాస్కు కాస్త కిందికి దించి తింది. ఆ తరవాతి ఆదివారం "పులుపెక్కువైంది" అంది. అదే ఆ పిల్ల కొట్లో ఆడిన మొదటి మాట. "తింటూ వంకలు పెడతావా?" అని పెద్దమ్మ మండిపడింది గాని, ఆ రోజంతా లారీ ఇంజను ఏదో పాట కూనిరాగం తీసింది.

ఇలా మంచు కురిసేదాకా నడిచింది. మినోరి వాళ్ళ ఊరి చేపల వాసన గురించి చెప్పేది, రైల్లో చూసిన టోపీల గురించి చెప్పేది. కోటు మాత్రం కొట్లోనే ఉంది. చినాత్సుకి ఆ పిల్లను చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

ఇంతలో నగనోలో పెద్దమ్మ వదినగారు పోయారు. పెద్దమ్మ నల్లబట్టలు కట్టుకుని, "ఎవరికీ ఏదీ అమ్మకు" అని చెప్పి రైలెక్కింది. ఆదివారం మినోరి వచ్చింది. పెద్దమ్మ కోసం అటూ ఇటూ చూసింది.

"పెద్దమ్మ ఊళ్ళో లేదు. ఇదే అదను, తీసుకుపో" అంది చినాత్సు, కోటు కొక్కెం నుంచి తీస్తూ.

"నిజంగానా?"

"నిజంగా. నడువు, ఆవిడ వచ్చి గుండీలంటుంది."

మినోరి కోటు తొడుక్కుని, లోతుగా వంగి నమస్కరించి, మెట్లెక్కింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. చినాత్సు చెయ్యి ఊపింది. ఆ వారమంతా చినాత్సు నేల మీద నడవలేదు.

పెద్దమ్మ తిరిగొచ్చి ఖాళీ కొక్కెం చూసింది.

"ఎవరు?"

"మినోరి. ఎంత మురిసిపోయిందో తెలుసా పెద్దమ్మా!"

"మళ్ళీ వస్తానందా?"

"ఎందుకొస్తుంది? కోటు వచ్చేసిందిగా."

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. తిడుతుందని చినాత్సు ఎదురుచూసింది. తిట్టలేదు. అందుకే భయమేసింది.

"ఆ పిల్ల బడి మానేసింది" అంది పెద్దమ్మ. "నేనడక్కుండానే అదే చెప్పింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడదు. వారానికోసారి గదిలోంచి బయటికొచ్చేది ఆ కోటు కోసమే. అది నువ్విచ్చేశావు."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఆ పిల్లని జాలిగా చూస్తావు. జాలిగా చూసే కొట్టుకి ఎవరొస్తారే?"

చినాత్సుకి తను అకితా నుంచి కొత్తగా తోక్యో వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఊళ్ళో పలకరించే మనిషి లేక ఆదివారాలు వీధులు పట్టి తిరిగేది. అప్పుడు ఇదే కొట్లో ఆకుపచ్చ గౌను అడిగింది. నడుం కుదరలేదని, దారం దొరకలేదని పెద్దమ్మ నెలల తరబడి తిప్పి, చివరికి "ఇన్నిసార్లు తిరిగే బదులు ఇక్కడే పనిచేసి చావు" అంది. ఆ గౌను ఇప్పటికీ ఇవ్వలేదు. మొండితనం అనుకుంది ఇన్నాళ్ళూ.

మరుసటి ఆదివారం మినోరి రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. పెద్దమ్మ అన్నం ముద్దలు చేసి, పులుపు తగ్గించి, మూత పెట్టేది. సాయంత్రం అవి ఒగివారా తినేవాడు.

చినాత్సు స్టేషను పక్క వంతెన మీద కాపు కాసింది. వేషాలేసుకుని ఫొటోలకు నిలబడే పిల్లల్లో నీలం కోటు కనిపిస్తే చాలు, పరుగెత్తి భుజం పట్టుకునేది. ఒకసారి మీసాలవాడు తిరిగి చూశాడు. ఇంకోసారి ఓ బామ్మగారు పోలీసును పిలిచారు. మినోరి మాత్రం కనిపించలేదు. చోషిలో ఏ వీధో, ఇంటిపేరేమిటో వీళ్ళు ఎన్నడూ అడగలేదు. ఏ పిల్లనీ అలాంటివి అడగకూడదన్నది పెద్దమ్మ నియమం.

ఏళ్ళు గడిచాయి. ఆదివారాలు కార్లు ఆపి వీధిని పిల్లలకు వదిలేసే పద్ధతి పోయింది. ఒగివారా కొట్టు ఉన్నచోట మేజోళ్ళ దుకాణం వెలిసింది. పెద్దమ్మకు చూపు తగ్గి సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర చినాత్సు, వెనకగదిలో పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని పెద్దమ్మ.

ఒక మధ్యాహ్నం చినాత్సు ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"మళ్ళీ ఎవరి భుజం పట్టుకున్నావే?" అంది పెద్దమ్మ కమలాఫలం ఒలుస్తూ.

"నీలం కోటు పెద్దమ్మా. కాదు, వేరే ఎవరో." చినాత్సు కూలబడింది. "ఆ పిల్ల మళ్ళీ గదిలోకెళ్ళి తలుపేసుకుందేమో."

"ఆ కోటుతోనా? కుదరదు."

"ఏం?"

"భుజాలు వెనక్కి లాగి కుట్టాను. దాన్ని తొడుక్కుని కూర్చోవడం ఎవరివల్లా కాదు, చంకలు పట్టేస్తాయి. లేచి నడిస్తేనే సుఖంగా ఉంటుంది."

చినాత్సు ఆవిడ మొహంలోకి చూసింది. నిజమో, అప్పటికప్పుడు కుట్టిన మాటో తెలియలేదు. ఆ కళ్ళజోడు వెనకాల ఎప్పుడూ ఏదీ తెలిసి చావదు.

"అంటే నేను చేసింది తప్పు కాదంటావా?"

"తప్పే" అంది పెద్దమ్మ నిమ్మళంగా. "కాకపోతే ఆ రంగు దానికి భలే నప్పింది. నీకు చచ్చినా నప్పదు. తిను."

పండు సగం విరిచి చేతిలో పెట్టింది. పెద్ద సగం.